గవ్ డాట్ ఇన్ కావాలన్న పెద్దకాపు

జువ్వలదిన్నెకు దగ్గర్లోని మా పల్లెకు మా నాయన పెద్దకాపు. ఓట్లతో గెలిచే సర్పంచి వేరు. ఎవరు ఎక్కడ వల వెయ్యాలో, తగువు వస్తే ఎవరు తప్పు కట్టాలో రేవు షెడ్డులో కూర్చుని తేల్చేవాడు పెద్దకాపు. ఆయన నోట మాట వచ్చిందంటే ఊరంతా కట్టుబడాల్సిందే. ఎదురు చెప్పేది నేనొక్కదాన్నే. అందుకే కావలిలో కాపురం పెట్టి వెబ్‌సైట్లు చేసుకుంటున్నానని మా అమ్మ ఎగతాళి చేస్తుంది.

పోయినేడాది పక్క పల్లెవాళ్లు, ఏ పూట ఏ చేప పడిందో బేరగాళ్లకు తెలిసేలా ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నారు. ఇంకేముంది, మనకూ కావాలన్నారు మావాళ్లు. పని నాకే చుట్టుకుంది. పేరేం పెడదామని నేను అడిగేలోపే నాయన షెడ్డులో అందరి ముందూ మాటిచ్చేశాడు. కలెక్టరాఫీసు వెబ్‌సైట్ పేరు చివర ఏముంటుందో ఎవరో చెప్పారట.

"మనది కూడా గవ్ డాట్ ఇన్ అనే ఉండాల."

నాకు ఒళ్లు మండింది. "అది గవర్నమెంటోళ్లకే ఇస్తారు నాయనా."

"ఈడ తగువులు తీర్చేది ఎవురుమే? నేను గాదా గవర్నమెంటు?"

కాలేజీల పేరు చివరుండే ఏసీ డాట్ ఇన్ కాలేజీలకే ఇస్తారనీ, ఉత్త డాట్ ఇన్ అయితే ఎవరికైనా ఇస్తారనీ చెప్పి చూశాను. వింటేగా! అమ్మ నన్ను పక్కకు లాగింది. "ఇచ్చిన మాట పోతే మీ నాయన ఇంక ఆ షెడ్డులో కూసోడు. మీ తాత అట్టనే లేచొచ్చేసినాడు." అప్పుడు నాకు భయమేసింది.

మర్నాడు నాయన వల బాగుచేసుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"వేరే ఊరి పడవ మన ముందర వల వేస్తే ఊరుకుంటావా?"

"ఎట్టా ఊరుకుంటా? అవి మన నీళ్లు." ఆ మాటతో ఆయన చెయ్యి ఆగింది. వల కింద పెట్టి, "అయితే నేనే ఒకరి నీళ్లల్లో వల ఎయ్యబోయినా" అన్నాడు.

ఆ ఆదివారం షెడ్డులో తన చోటు వదిలి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, తప్పు చేసినవాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు. "ఆ పేరు మనకు రాదు. తెలీక మాటిచ్చినా. తప్పు ఎయ్యండి."

నాయనతో చిన్నప్పటినుంచీ కీచులాడే ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "వచ్చే కొత్త పేరు నువ్వే చదవాల. చదివినాకనే కూసో."

నాయనకు సంతకం తప్ప చదువు రాదు. సాయంత్రాలు తడి ఇసుక మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అల వచ్చి చెరిపేస్తే సముద్రాన్ని తిట్టేవాడు. అన్నాళ్లూ షెడ్డులో ఆయన చోటు ఖాళీగానే ఉంచారు.

ఊరి పేరుతో డాట్ ఇన్ నమోదు చేసిన రోజు ఫోన్ ఆయన చేతికిచ్చాను. అందరూ చూస్తుండగా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాడు. అయినా కూర్చోలేదు.

"ఎవురికైనా ఇస్తారంటివే. పక్కూరోళ్లు గాని ఈ పేరు ముందే తీసుకోలేదు గదా?"

"లేదు నాయనా. మనకే వచ్చింది."

అప్పుడు వెళ్లి తన చోట కూర్చున్నాడు.