తెల్ల జిగురు డ్రైవర్లు

మా అక్క చెవులంటే వీధంతా హడలే. గోడ అవతల గొణిగినా ఆమెకు వినబడుతుందని, పక్క దుకాణం టైలరు ఆమెకు 'చెవులమ్మ' అని పేరు పెట్టాడు. కొన్నాళ్ళకు కస్టమర్లూ అదే ఖాయం చేశారు. మెట్ల కింద గదిలో మా దుకాణం. ఎవరైనా పాత హెడ్‌ఫోన్లు తెస్తే లోపలి డ్రైవర్లు మార్చి, మరింత బాగా వినిపించేలా తయారుచేసి ఇస్తాం. డ్రైవరంటే ఇంకేం లేదు, పల్చని పొర కదిలి పాట పుట్టించే గుండ్రటి బిళ్ళ. సోల్డరింగ్ నాది, వినడం అక్కది. నోరు మాత్రం ఇద్దరిదీ.

మేం ఎక్కువగా పనిచేసేది ఒకే పాత మోడల్ మీద. దాన్ని కంపెనీవాళ్ళు చాలా ఏళ్ళు తయారుచేశారు. పైకి ఎప్పుడూ ఒకేలా ఉంచి, లోపల మాత్రం గుట్టుచప్పుడు కాకుండా మారుస్తూ పోయారు. తొలినాటి డ్రైవర్లకు పొర అంచున ఉన్న జిగురు తేనెరంగుకు తిరిగి ఉంటుంది. తర్వాత వచ్చినవాటికి తెల్ల జిగురు. ఒకవైపు అది, ఒకవైపు ఇది బిగిస్తే, పాడే మనిషి మన ఎదురుగా కాకుండా ఓ చెవి పక్కకు జరిగి కూచున్నట్టుంటుంది. అందుకే జత కుదర్చడం పెద్ద పని.

ఆ పని అక్కకు అబ్బింది చదువు మానేసి ఒక రికార్డింగ్ స్టూడియో రిపేరు గదిలో చేరినప్పుడు. అక్కడి పెద్దమేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటే. మంచిదని తేలిన నమూనా డ్రైవర్ ఎప్పుడూ కుడిచెవికి, పరీక్షించాల్సింది ఎడమచెవికి. రెండింట్లోనూ ఒకే పాట పెట్టి తేడా పట్టాలి. "కుడిపక్క అత్తగారు, ఎడమపక్క కొత్త కోడలు" అని అక్క వేళాకోళం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అత్తాకోడళ్ళను స్థలం మార్చి కూచోబెట్టలేదు.

ఈమధ్య మూతపడిన ఒక స్టూడియో నుంచి అట్టపెట్టె నిండా పాత డ్రైవర్లు వచ్చాయి. అక్క కూచుని ముందుగా తెల్ల జిగురువి ఒక్కొక్కటీ విని, అన్నీ ఒక పక్కకు నెట్టింది.

"ఇవి ఉత్త మొద్దువే. పైస్వరాలే లేవు. చివర్లో తయారుచేసిన సరుకు, చేతులు దులుపుకున్నారు."

దానికి మందు కూడా తనే కనిపెట్టింది. డ్రైవర్ ముందువైపు పల్చని కాగితం అంటించి ఉంటుంది. దాన్ని కొంచెం పీకేస్తే శబ్దం పదునెక్కుతుంది. అలా పీకి, జతలు కట్టి ఇచ్చేశాం. వారం తిరక్కుండానే, ఒక జత తీసుకెళ్ళిన వయొలిన్ మాస్టారు ముఖం చిట్లించుకుంటూ వచ్చాడు.

"చెవుల్లో సూదులు గుచ్చినట్టుందమ్మా."

"మీ చెవులే ఓసారి శుభ్రం చేయించుకోండి మాస్టారూ" అంది అక్క. ఆయన నవ్వేశాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఒకరోజు పొద్దున్నే అక్క తేనెరంగువాటిని పరీక్షిస్తూ విసుక్కుంది. "ఇవీ మొద్దుబారాయే!"

నాకు అనుమానమొచ్చింది. తెల్ల జిగురువాటి లోపం తేనెరంగువాటికి జలుబులా అంటుకోదు కదా. ఆ రోజునుంచి అక్కను దొంగచూపులు చూడటం మొదలుపెట్టాను. ఎడమపక్క నుంచి పిలిస్తే పలకడం లేదు. ఫోను ఎడమచెవికి పెట్టుకుని, వెంటనే కుడిచెవికి మారుస్తోంది. భోజనానికి కూచునేటప్పుడు గోడ తన ఎడమవైపు ఉండేలా జరుగుతోంది. నాకు అన్నం సయించడం మానేసింది. ఆ చెవి పోతే మా దుకాణం పోతుందన్న భయం ఒకటి. అక్కతో ఆ మాట ఎలా అనాలన్న భయం దానికంటే పెద్దది. తన చెవిని తప్ప లోకంలో దేన్నీ నమ్మని మనిషి ఆమె.

చివరికి తెగించాను.

"అక్కా, ఒక్కసారి హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోవూ. ఎడమది కుడికి."

"తిప్పి పెట్టుకోవడమేంటే? చొక్కా తిరగేసి తొడుక్కుంటామా?"

"నా కోసం."

గొణుక్కుంటూనే పెట్టుకుంది. పాట వేశాను. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అయ్యో, నమూనా పాడైపోయిందే!"

స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచింది. చాచిన చెయ్యి బల్లమీదే ఆగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి మామూలుగా పెట్టుకుంది. మళ్ళీ తిప్పి పెట్టుకుంది. ఏ డ్రైవరైనా సరే, ఎడమచెవి దగ్గరికి వెళ్ళిందే మొద్దుబారుతోంది.

"జలుబు చేసినట్టుంది" అంది.

"నీకు జలుబెక్కడుందక్కా?"

పాట నడుస్తుండగానే హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. "భయమేస్తోందే" అంది చివరికి. ఆ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. స్టూలు లాక్కుని ఆమె కుడిపక్కన కూచున్నాను.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. "ఇలా ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మొదటి రోజుల్లోనే రావాలమ్మా. ఎప్పటినుంచి ఉంది?" అని ఆయన అడిగాడు. అక్క నన్ను చూసింది. నేను నేలను చూశాను. ఆ రోజులన్నీ మేం డ్రైవర్ల మీద కాగితాలు పీకుతూ గడిపాం. మందులు పనిచేస్తాయో లేదో చెప్పాలంటే, ముందు వినికిడి ఎంత మిగిలిందో కొలవాలన్నాడు.

అద్దం బిగించిన చిన్న గదిలో అక్కను కూచోబెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి హెడ్‌ఫోన్ అందిస్తే, అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మెత్తలు అరిగిపోయాయమ్మా, మార్చండి" అంది. శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమని చెప్పి, ఆ అమ్మాయి బయటికొచ్చి మిషను ముందు, నా పక్కన కూచుంది. శబ్దం వెళ్ళినప్పుడు మిషను మీద చిన్న లైటు వెలుగుతుంది. అది అక్కకు కనబడదు.

కుడిచెవికి లైటు వెలిగీ వెలగకముందే అక్క వేలు లేచింది. "అబ్బ, ఎంత సన్నవి పట్టేస్తున్నారో!" అంది అమ్మాయి. నాకు ఊపిరాడింది.

తర్వాత ఎడమచెవి. లైటు వెలిగింది. వేలు లేవలేదు. అమ్మాయి శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. అద్దంలోంచి అక్క నా ముఖంలోనే వెతుకుతోంది, శబ్దం వచ్చిందా లేదా అని. నేను ముఖం కదలకుండా బిగపట్టుకున్నాను.

అమ్మాయి మీటలు వదిలేసి, పెన్ను మూత తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. లైటు ఆరిపోయి ఉంది.

అప్పుడు, నా కళ్ళలోకి చూస్తూ, మా అక్క వేలెత్తింది.