బొత్తాం నొక్కని మాస్టారు

నలభై ఏళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసిన ఫ్లూరిన్ రిటైరయ్యాక, మా ఆల్ప్స్ కొండ స్టేషనులో ఆయన బదులు ఒక బొత్తాం పెట్టారు. ఎక్కేవాళ్ళు అది నొక్కితేనే రైలు ఆగుతుంది. ఆయన మాత్రం రోజూ మీసం దువ్వుకుని, పాత ఎర్రటోపీతో ప్లాట్‌ఫాం అంచున నిటారుగా నిలబడి, వెళ్ళే ప్రతి రైలుకూ సెల్యూట్ కొడతాడు. డ్రైవర్లు కూడా చెయ్యెత్తి పోతుంటారు.

ఆ శనివారం కింది ఊళ్ళో రైల్వేవాళ్ళు ఆయనకే సన్మానం పెట్టుకున్నారు. "ఇవాళైనా నొక్కండి మాస్టారూ, వేలేం అరిగిపోదు," అంది పక్కింటి ఉర్సీనా.

"నా జెండాకు ఆగిన రైళ్ళివి. ఇప్పుడు బొత్తాం నొక్కి బతిమాలుకోవాలా?" అన్నాడు ఫ్లూరిన్.

రైలు వచ్చింది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి టోపీ దగ్గరికి లేచింది. డ్రైవరూ చెయ్యెత్తి, ఆగకుండా వెళ్ళిపోయాడు. పెట్టెలన్నీ మలుపు తిరిగాక ఫ్లూరిన్ గడియారం చూసుకుని, "సరిగ్గా టైముకే పోయింది," అన్నాడు తృప్తిగా.