నాయన మాట్లాడని ఏడు నెలలు

మా ఊరి కతోలిక గుడిలో జపమాల చెప్పేటప్పుడు దేవమాతకు చెప్పే మంగళవార్త జపంలో ముందు సగం మా నాయన చెబుతాడు, వెనక సగం మేమంతా అందుకుంటాం. ఆ ఏడు నలభై దినాల తపస్సు కాలంలో రెండో ఆదివారం, మూడో పది పూసలు నడుస్తుండగా, ఎక్కడ అందుకోవాలో మాకు తెలియలేదు. నాయన పెదవులు కదులుతున్నాయి. వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్లకు ఏమీ వినపడలేదు. కొందరు ముందే మొదలుపెట్టారు, కొందరు ఊరుకున్నారు. గుడిలో జపం అట్లా తెగిపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మాది ఆలూరు దగ్గర నల్లరేగడి పల్లె. మా నాయన చౌరప్ప మా ఊరికి ఉపదేశి. విచారణ గురువులు నెలకు ఒకసారి వచ్చి పూజ చేసి పోతారు. మిగిలిన ఆదివారాలు జపాలు చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చునేది నాయనే. నేను ఆయనకు ఒక్కతే కూతుర్ని. పేరు తెరేసమ్మ. అమ్మ చిన్నప్పుడే పోయింది. నన్ను ఇచ్చింది కూడా ఆ ఊళ్లోనే. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు, చేతికి ఒక్క అక్షరం రాదు. నాయన మగపిల్లలకు పలక ఇచ్చేవాడు, ఆడపిల్లలకు జపమాల ఇచ్చేవాడు. అది తప్పని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. జపాలన్నీ ఆయన నోటి నుంచి విని నేర్చుకున్నాను.

గొంతు సంగతి అడిగితే ఆయన తేలిగ్గా తీసేశాడు. "ఏం లేదమ్మీ, సిలువ మార్గం పాటలు ఎక్కువైనాయి. పాస్కాకు సర్దుకుంటాది" అన్నాడు. మిరియాల కషాయం పెట్టి ఇచ్చాను. క్రీస్తు లేచిన పాస్కా పండుగ వచ్చింది, పోయింది. గొంతు రాలేదు. సంగటి ముద్ద మింగాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఏడాదిగా దగ్గు ఉంది, పత్తి చేలల్లోని దూది దుమ్మనుకున్నాం. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, పగటి కష్టమనుకున్నాం. ఆ నెల పూజకు వచ్చిన గురువులు ఆయన్ని చూసి, చెయ్యి పట్టుకుని, ఈ వారమే కర్నూలుకు పోవాలని గట్టిగా చెప్పారు. పిల్లల్ని మా అత్త దగ్గర వదిలి, రెండు బస్సులు మారి, నాయనను తీసుకుపోయాను.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఏడాది కాలేదు. ఊరంతా గుడారాలు, కొత్త మనుషులు. ఆసుపత్రిలో స్పూటం అని కళ్లె తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు. తరువాత డాక్టరుగారు నుదుటికి అద్దం కట్టుకుని, నాయన నాలుకను గుడ్డతో పట్టుకుని, పొడుగాటి కాడ ఉన్న చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చజేసి గొంతులోకి పెట్టి చూశారు. మనిషి గొంతు లోపలికి చూడవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

"లంగ్స్‌లో టి.బి. ఉంది. అక్కణ్ణుంచి లారింక్స్‌కు, మాట పుట్టే చోటుకు, పాకింది" అన్నారు. నా ముఖం చూసి, "పదేళ్ల కిందట అయితే ఇంటికి తీసుకుపొమ్మనేవాణ్ణి. ఇప్పుడు మందుంది" అన్నారు.

రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, చేదు పి.ఏ.ఎస్. పొట్లాలు, తెల్ల మాత్రలు. వాటికంటే పెద్ద మందు ఇంకొకటి చెప్పారు. కంప్లీట్ వాయిస్ రెస్ట్. తాను మళ్లీ చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. కావలసింది రాసి చూపించమని ఒక పలక, బలపం ఇప్పించారు.

నాయన రాయగలడు. చదవడానికి నాకు రాదు. ఆయన రాసినప్పుడల్లా పలక పట్టుకుని నర్సమ్మ కోసం వార్డంతా వెతికేదాన్ని. ఒకసారి అట్లా పోయి చదివించుకుని వచ్చేసరికి నాయన నిద్రపోయాడు. ఆయన రాసింది 'నీళ్లు' అని.

పక్క మంచంలో మస్తాన్ సాహెబు అనే ముసలాయన ఉండేవాడు, బండ్లకు చక్రాలు చేసే మనిషి. చాచా అని పిలిచేదాన్ని. పలక ఆయనకు చూపిస్తే నవ్వినాడు. "నాకు ఉర్దూ చదువు వొస్తాది, తెలుగు రాదు. మీ నాయనకు తెలుగు వొస్తాది, మాట రాదు. నీకు మాట వొస్తాది, చదువు రాదు. ముగ్గురం కలిస్తే ఒక మనిషిమి అయితామమ్మా" అన్నాడు. నాయన కూడా నోరు మూసుకునే నవ్వినాడు.

ఇక్కడే మా పొరపాటు జరిగింది. నాయన మనుషులతో మాట్లాడటం మానుకున్నాడు, జపం మానుకోలేదు. పెదవి కదలని జపం జపం కాదని ఆయనే మాకు నేర్పినాడు. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ గోడవైపు తిరిగి ముసుగు కప్పుకుని గుసగుసగా జపమాల చెప్పేవాడు. ఊళ్లో ఒక్కొక్క ఇంటి పేరు చెప్పి, వాళ్ల చనిపోయినవాళ్ల పేర్లు చెప్పి, మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను చూస్తే వేలు పైకి చూపించి, పెదవుల మీద పెట్టుకునేవాడు. ఇది దేవుడితో, ఎవరికీ చెప్పొద్దు అని. నాకూ అది మాటగా తోచలేదు. మాట్లాడటమంటే మనుషులతో కదా అనుకున్నాను.

రెండో నెలలో చూసి డాక్టరుగారు ఛాతీ బాగుపడుతోందన్నారు, గొంతు మాత్రం తగ్గలేదన్నారు. ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా అని అడిగారు. ఎవరితోనూ లేదని చెప్పాను. చెబుతూ నాయనవైపు చూశాను. నాయన వేలు పెదవుల మీద ఉంది.

మూడో నెల డాక్టరుగారు గొంతు చూసి అద్దం పక్కన పెట్టారు. తరువాత నన్ను వరండాలోకి పిలిచారు.

"వాపు పెరిగింది. ఇంకా పెరిగితే ఊపిరి ఆడదు. ట్రాకియాటమీ చేయాల్సి వస్తుంది. గొంతు కింద రంధ్రం పెట్టి ట్యూబు వేస్తాం. ప్రాణం నిలబెట్టడానికే అది. మాట సంగతి నేను చెప్పలేను."

ఆయన మెట్లవైపు నడిచారు. పది ఆజ్ఞల్లో నాలుగోది తల్లిదండ్రులను గౌరవించమని. దాన్ని నాకు నేర్పినవాడు లోపల పడుకుని ఉన్నాడు. చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే ఆయన గొంతు పోతుంది, ఆ గొంతుతో మా ఊరి జపం పోతుంది. డాక్టరుగారు మెట్లు దిగుతుంటే వెనకనే పోయి చెప్పేశాను. "జపం చేస్తాడు సార్. గుసగుసగా. దినానికి మూడు మార్లు."

"ఒక్కొక్కసారి ఎంతసేపు?"

"ఊళ్లో ఇళ్ల పేర్లన్నీ అయ్యేదాకా చేస్తాడు సార్."

ఆయన కోప్పడలేదు. వెనక్కి వచ్చి నాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. గుసగుస మాటకంటే చెడ్డదని, లోపల పుండు ఒరుసుకుంటూ ఉంటే మానదని వివరంగా చెప్పారు. "నీ దేవుడికి మనసులో అనుకుంటే వినపడదా చౌరప్పా?" అని అడిగి వెళ్లిపోయారు.

నాయన డాక్టరును చూడలేదు. నన్ను చూశాడు. పలక తీసుకుని గబగబా రాశాడు. బలపం విరిగింది. విరిగిన ముక్కతోనే రాసి నా ముఖం ముందర పెట్టాడు. నర్సమ్మ దగ్గర్లో లేదు. "నీళ్లు కావాల్నా నాయనా?" అని అడిగాను. ఆయన నన్ను చూస్తూ ఉండిపోయాడు. తరువాత అరచేత్తో పలక తుడిచి గోడవైపు తిరిగాడు.

రెండు దినాలు నా చేతి గంజి తాగలేదు. చాచానే తన మంచం మీద నుంచి లేచి వచ్చి తాగించినాడు. "కూతురి మీద కోపం ఉంటే ఉండనీ, గంజి ఏం చేసిందప్పా నిన్ను?" అన్నాడు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. సాయంత్రం జపం అయినాక నేను వంగి "స్తోత్రం నాయనా" అంటాను, ఆయన బొటనవేలితో నా నుదుట సిలువ గీస్తాడు. మాట లేని ఆ మూడు నెలల్లో కూడా గీశాడు. ఆ రెండు దినాలు గీయలేదు.

శనివారం కర్నూలులోని గుడికి పోయి అక్కడి గురువుల దగ్గర పాపసంకీర్తనం చేశాను. నాయన మాట మీరాను, ఆయన గుట్టు బయటపెట్టాను అని చెప్పాను. గురువులు ఒక ప్రశ్న అడిగారు, జపాలన్నీ ఆయనే నేర్పాడా అని. అవునన్నాను. "అయితే ఇదీ నీ ప్రాయశ్చిత్తం. ఒక జపమాల, మీ నాయన మంచం పక్కన కూర్చుని, ఆయనకు వినపడేటట్లు. రోజూ. ఆయనకు మాట వచ్చేదాకా."

ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. మగవాళ్ల వార్డు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ముందు సగం నేనే, వెనక సగం నేనే. మొదటి పది అయ్యేటప్పటికి దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకుంటున్నారు. నాయన గోడవైపే ఉన్నాడు. మూడో పదిలో చూస్తే, దుప్పటి కింద ఆయన చేతిలో పూసలు కదులుతున్నాయి. నా నోటితో పాటే, ఒక్కొక్క పూస. ఆయన పెదవులు కదలడం లేదు. ఆయన నేర్పిన మాటలే నా నోట ఆయన జపంగా పోతున్నాయి. చివర వంగి స్తోత్రం చెప్పాను. నాయన ఇటు తిరిగాడు. తరువాత బొటనవేలు నుదుటి మీద పడింది.

ఆ మరుసటి వారం నుంచి నాయన జపాల పుస్తకం తెరిచి నా ముందర పెట్టడం మొదలుపెట్టాడు. నేను చెబుతూ పోతే ఆయన వేలు అచ్చు కింద జరిగేది. ఎందుకో నాకు తెలియలేదు. ఒక మధ్యాహ్నం పరలోక జపంలో ఆయన వేలు ఒకచోట ఆగి, రెండుసార్లు తట్టింది. నా నోట్లో అప్పుడు ఉన్న మాట 'తండ్రీ'. పుస్తకంలో ఆ నల్ల గీతను చూశాను. నోట్లో ఉన్నదీ వేలి కింద ఉన్నదీ ఒకటే. నాయన పలక మీద అదే రాశాడు. ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాట బయట నిలబడి నన్ను చూస్తున్నట్లు అనిపించింది. నాయన గొంతు లేకుండానే నాకు చదువు చెప్పాడు. తెలిసిన జపాల్లో నుంచి ఒక్కొక్క అక్షరం ఏరుకున్నాను. పుస్తకం బయట నేను మొట్టమొదట చదివింది మాత్రం వార్డు తలుపు మీది బోర్డు. ఇన్ని నెలలు దాని కిందనే తిరిగాను. 'ఇక్కడ ఉమ్మి వేయరాదు' అని ఉంది. చాచాకు చదివి వినిపిస్తే, "ఇంత మంచి మాట ఇన్నాళ్లు దాచిపెట్టినారే" అన్నాడు.

అంతా సాఫీగా జరగలేదు. అయిదో నెలలో నాయనకు తల తిరగడం మొదలైంది, గోడ పట్టుకుని నడిచేవాడు. చెవుల్లో హోరు అని పలక మీద రాశాడు. దాన్ని నేనే చదివాను. డాక్టరుగారు స్ట్రెప్టోమైసిన్ వల్ల అట్లా వస్తుందని చెప్పి, సూది రోజు విడిచి రోజుకు మార్చారు. వినికిడి పోతే నా జపం ఆయనకు ఎట్లా వినపడుతుందని భయపడ్డాను. హోరు మెల్లగా తగ్గింది.

ఏడో నెల, చలికాలంలో, అద్దం తీసి డాక్టరుగారు నవ్వడం మొదటిసారి చూశాను. "మానింది. రోజుకు అయిదు నిమిషాలు. మెల్లగా మాట్లాడు. గుసగుస మాత్రం వద్దు."

ఆ దినమంతా నాయన ఒక్క మాట మాట్లాడలేదు. మాట రాలేదేమోనని భయపడ్డాను. సాయంత్రం జపమాల ముగించి, వంగి స్తోత్రం చెప్పాను. నుదుట సిలువ గీసి, చెయ్యి తీయకుండా మాట్లాడినాడు. ఎండిన జొన్నాకులు రాసుకున్నట్లు ఉంది ఆ గొంతు.

"అమ్మీ, ఆ పొద్దు పలక మీద ఏం రాసినానో నీకు తెల్సునా?"

తెలియదన్నాను.

"నాకు కూతురు లేదని రాసినా."

నేను తల ఎత్తలేదు.

"నువ్వు దాన్ని చూసి, నీళ్లు కావాల్నా నాయనా అని అడిగితివి."

తరువాత ఆయనకు మాట రాలేదు. అయిదు నిమిషాలు కూడా కాలేదు.

నాకు కోపం రాలేదు. ఆ దినం నాకు చదువు వచ్చి ఉంటే మూట కట్టుకుని ఊరికి పోయి ఉందును. ఆ ఒక్క మాట కంట పడకుండా నాకు చదువు రాకుండా ఉంచి, అది చెరిగిపోయిన తరువాత అక్షరాలు ఇచ్చిన సర్వేశ్వరుని పని ఎట్లాంటిదో నాకు ఇప్పటికీ అంతు దొరకదు.

మరి రెండు నెలలకు ఇంటికి వచ్చాం. పునీత జోజప్పగారి పండుగనాడు గుడి నిండిపోయింది. అందరూ నాయన గొంతు వినాలని వచ్చారు. ఆయన ముందుకు పోయి సిలువ గుర్తు వేసుకుని, "నా గొంతు ఇంతే. జపం నా కూతురు చెబుతాది, మీరు అందుకోండి. నేను గూడా అందుకుంటా" అన్నాడు. ఆడమనిషి ముందర నిలబడి చెప్పేదేందని ఒక పెద్దాయన గొణిగితే, "ఇన్ని నెలలు నాకు చెప్పిందప్పా, యాడా తప్పు పోలేదు. మీ దగ్గరా పోదు" అన్నాడు. నేను ముందు సగం చెప్పాను. నా వెనక, అందరి గొంతుల కింద, జొన్నాకు రాసుకున్నట్లు ఆయన గొంతు వినపడింది.

ఇది జరిగి నాలుగేళ్లు. నాయన ఆరు నెలలకొకసారి ఎక్స్‌రేకు పోయి వస్తాడు. మచ్చలు ఎండిపోయాయన్నారు. ఇంటి అరుగు మీద ఇప్పుడు ఆడపిల్లలకు కూడా పలక ఇస్తున్నాడు. అందులో నా చిన్న కూతురు ఒకతె. ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను. కొమ్ములు, దీర్ఘాలు తప్పితే మన్నించండి.

ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు ఒక్క మాట చెబుతాను. డాక్టరు అడగలేదని ఏదీ దాచకండి. మీకు అది మందుకు సంబంధం లేని సంగతి అనిపించినా, భక్తి సంగతి అయినా, పెద్దవాళ్లు చెప్పొద్దని వేలు చూపించినా, చెప్పండి. వాళ్లకు కోపం వస్తే రానీయండి. కోప్పడటానికైనా వాళ్లు మన ముందర ఉండాలి కదా.