బాబాయి కారుకి నా చెవులు

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన రెక్సీను వాసన గుప్పున మొహానికి కొడుతుంది. అందరూ కాసేపు తలుపులు తెరిచి ఉంచి, లోపల చల్లబడ్డాక ఎక్కుతారు. నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి, ఎవరైనా నన్ను లోపలికి తోసి అద్దాలు ఎత్తేస్తారేమోనని అటూ ఇటూ చూస్తాను. నలభై దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా ఆ వాసనకి నా వయసు తెలియదు.

తొంభైల చివర్లో ఒక వేసవి నాకు ఆ వాసనలోనే గడిచింది. సామర్లకోటకి దగ్గర్లో, కాలవ పక్క ఊరు మాది. పొలం పనులు చూసుకునే మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, ఎవరో వాడి వదిలేసిన తెల్ల అంబాసిడర్ ఒకటి కొని, రాజమండ్రి తీసుకెళ్లి దాని డిక్కీలో సబ్ ఊఫర్ పెట్టించాడు. పెళ్లి సూట్‌కేసంత నల్ల పెట్టె, దానికి పళ్లెమంత స్పీకరు, పక్కనే పిడికిలి దూరేంత గుండ్రటి కన్నం. పాటలో డప్పూ డోలూ ఎక్కడ మోగినా అడుగున మోగే ఆ బరువైన చప్పుడు మాత్రం ఏరుకుని 'ధమ్' మనిపించడం దాని ఉద్యోగం. నానమ్మ దాన్ని ఊపరు అనేది. ఆవిడని తప్పుబట్టడానికి లేదు. అది మోగితే వెనక సీటే కాదు, సీట్లో కూర్చున్నవాళ్ల పొట్టలో పెరుగన్నం కూడా ఊగేది.

ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచే దానికి జబ్బు చేసింది. ఇంజను వేగం పెంచితే కుయ్యిమని ఒక సన్నటి ఈల, 'ధమ్' అన్నప్పుడల్లా వెనకాలే జరజరమని ఇంకో చప్పుడు. ఎవరో గరుకు గచ్చు మీద చీపురు లాగుతున్నట్టుండేది.

ఇందులో నాకొచ్చిన చిక్కేమిటంటే, ఆ వేసవికి అమ్మనీ నన్నూ పట్టిసీమలో అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లాల్సింది ఆ కారులోనే. అక్కడ మా మామయ్య ఉన్నాడు. అంతకుముందోసారి బాబాయి స్కూటరు వాళ్లింటి ముందే మొరాయిస్తే, దాన్ని తోసుకుంటూ వెళ్లిన వైనాన్ని మామయ్య అయినవాళ్ల ప్రతి పెళ్లిలోనూ నటించి చూపించాడు. అందుకని, జరజరలాడే కారుతో మళ్లీ ఆ గుమ్మం ముందు ఆగేది లేదని బాబాయి శపథం పట్టాడు. పోనీ బస్సులో వెళ్దామా అంటే, వాకిట్లో కారు పెట్టుకుని ఇంటి కోడలు బస్సెక్కిందంటే ఊళ్లో ఏమనుకుంటారని తాతయ్య. మరిది నొచ్చుకుంటాడని అమ్మ నోరు విప్పలేదు. సర్దిన పెట్టె సర్దినట్టే మంచం కింద ఉండిపోయింది. నా సెలవులు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి.

పైగా ఆ జరజర ఎక్కణ్ణించి వస్తోందో విని చెప్పడానికి నన్నే ఆ కారులో కూర్చోబెట్టారు. బాబాయి ముందు కూర్చుని ఇంజను నడపాలి, పాట పెట్టాలి. ట్రాక్టరు పక్కన బతికి ఆయన కుడి చెవి కాస్త మందగించింది. ఇంట్లో పనీపాటా లేకుండా రెండు చెవులూ సవ్యంగా ఉన్నది నేనొక్కదాన్నే. బయటి చప్పుళ్లు కలవకూడదని అద్దాలు నాలుగూ ఎత్తేసేవాడు. వెనక సీట్లో, తొడలు రెక్సీనుకి అంటుకుపోతుంటే, ఊరగాయ జాడీలో ముక్కలా కూర్చునేదాన్ని. అద్దంలోంచి చూస్తే వాకిట్లో అసలు ఊరగాయ పడుతూ ఉండేవారు. అమ్మా నానమ్మా తడిగుడ్డతో మామిడికాయలు తుడవడం, కత్తిపీట మీద టెంకలు రెండుగా విడిపోవడం, ఆవపిండీ కారం కలిపిన పళ్లెం ఎర్రగా ఎండకి మెరవడం అన్నీ కనిపించేవి, ఒక్కటీ వినిపించేది కాదు. ఎండాకాలం నీళ్లు కట్టేసిన కాలవలో ఊరి పిల్లలంతా దిగి క్రికెట్ ఆడుతుంటే, గట్టు పైకి లేచిన బంతి మాత్రం అప్పుడప్పుడూ కనిపించి మళ్లీ దిగిపోయేది. తాటిముంజెలు అమ్మే ఆవిడ వచ్చి వెళ్లిపోయిన సంగతి కూడా, వాకిట్లో మిగిలిన ఖాళీ కాయలు చూస్తేగానీ తెలిసేది కాదు.

"వచ్చిందా అమ్మలూ?" అనేవాడు బాబాయి, ముందు సీట్లోంచి తల తిప్పకుండా.

"వచ్చింది బాబాయ్."

"ఎక్కణ్ణించి?"

అదే నాకు తెలిసేది కాదు. ఒకసారి కుడి పక్క నుంచి వచ్చినట్టుండేది, ఒకసారి సీటు కింద నుంచి. ఏదో ఒకటి చెప్పకపోతే పాట మళ్లీ మొదలవుతుంది. పరీక్షకి ఆయన ఎంచుకున్నది ఒకే ఒక్క పాట. అందులో డోలు ఎక్కడెక్కడ పడుతుందో ఈనాటికీ నిద్రలో అడిగినా చెప్పగలను, కానీ ఎవరూ అడగరు.

రాజమండ్రి షాపతను వచ్చి చూసి, ఎర్త్ సరిగ్గా లేదన్నాడు. అంటే నల్లతీగ బిగించినచోట కారుకి రంగు అడ్డం ఉందని. మాట విన్న తాతయ్య అరుగు మీదనుంచి, "పదెకరాల ఆసామికి ఎర్త్ లేదంటాడేంట్రా?" అన్నాడు. అతను నవ్వి, రంగు గీకి తీగ బిగించాడు. ఈల ఆగిపోయింది. బాబాయి మొహంలో వెలుగు చూసి నేను పరుగెత్తుకెళ్లి చెప్పులు వేసుకున్నాను. ఇంతలో డోలు పడింది, జరజర పలికింది. చెప్పులు విప్పేశాను.

ఆ తరవాత బాబాయి తనకి తోచిన వైద్యమంతా చేశాడు. నంబరు ప్లేటు వెనక సైకిలు ట్యూబు ముక్కలు దూర్చాడు. జాకీనీ పానాలనీ అమ్మ పాత చీరలో చుట్టాడు. స్పీకరు చుట్టూ మరలు బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. నన్ను డిక్కీలోకే ఎక్కించి వినిపిద్దామని కూడా చూశాడుగానీ, నానమ్మ అట్లకాడతో అడ్డం వచ్చింది. మామయ్య మా ఇంటికి ఫోను చేసి, "ఏంటండీ బావగారూ, కారు బయల్దేరిందా, ఇంకా ఆస్పత్రిలోనే ఉందా?" అనడిగాడు. బాబాయి ఫోను పెట్టేసి, తిన్నగా వెళ్లి అప్పటికే బిగించిన మరలనే మళ్లీ బిగించాడు. ఆయన కూడా నాలాగే ఇరుక్కుపోయాడని నాకు తోచింది అప్పుడే. కాకపోతే ఆయన అద్దాలు ఎత్తింది ఎవరో తెలియదు.

బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున్న బాబాయి ఇక లాభం లేదనుకుని, పెట్టె షాపుకే తిరిగి ఇచ్చేద్దామని తీగలన్నీ పీకేసి, దాన్ని డిక్కీలోంచి ఎత్తాడు. ఎత్తేటప్పుడు పెట్టె ఓ పక్కకి ఒరిగింది. కరెంటు లేదు, పాట లేదు, తీగే లేదు. లోపల మాత్రం జరజర పలికింది.

పక్కనే ఉన్న నేను రెండో కొస పట్టుకున్నాను. బాబాయి పెట్టెని అరుగు మీద బోర్లించి దులిపాడు. గుండ్రటి కన్నంలోంచి పసుపు పచ్చటి బియ్యపు గింజలు రాలాయి. అక్షింతలు. పెట్టె ఇంటికొచ్చిన రోజు డిక్కీ తెరిచి, కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి, తాతయ్య దగ్గర నుంచి నా దాకా ఇంటిల్లిపాదీ చల్లి దీవించిన అక్షింతలు. దీవెనలన్నీ నేరుగా కన్నంలోకే పోయాయి. తరతరాలుగా వరి పండిస్తున్న ఇంట్లో ఒక్కరం కూడా బియ్యం చప్పుడు పోల్చుకోలేకపోయాం. అందులో నా చెవుల వాటా మరీ ఎక్కువ.

ఎవర్నని తిడతారు? నానమ్మ మాత్రం కంగారుపడి కొంగు పట్టింది. "కింద పొయ్యకురా, తొక్కుతారు. ఇందులో వెయ్యి." రాలినవన్నీ కొంగులోకి ఎత్తి, వాటినే మళ్లీ మా ఇద్దరి నెత్తినా చల్లింది.

తీగలు మళ్లీ తగిలించి మధ్యాహ్నానికే బయల్దేరాం. రాజమండ్రి వంతెన దాటి, కొవ్వూరు మీదుగా గోదారి గట్టమ్మట వెళ్తూ, బాబాయి దారి పొడుగునా అద్దాలు ఎత్తించి అదే పాట పెట్టాడు. పొద్దు వాలే వేళకి పట్టిసీమ చేరాం. అమ్మమ్మ నన్ను దగ్గరకి తీసుకునేలోగా మామయ్య కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏదీ, వినిపించండి బావగారూ," అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. బాబాయి నన్ను వెనక ఎక్కించాడు. తలుపులు పడ్డాయి, అద్దాలు లేచాయి. అద్దం అవతల ఎర్రటి ఇసుక, ఇసుక చివర నీళ్లు, నీళ్ల మధ్య గుడి ఉన్న గుట్ట, రేవు నుంచి కదలబోతున్న పడవ. ఇవతల డోలు. మామయ్య కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. విని, తల పంకించి, "బానే ఉందిగానండీ, ఏదో తక్కువైనట్టుంది," అన్నాడు.

బాబాయి గబుక్కున వెనక్కి తిరిగాడు. "నీకేమన్నా వినబడుతోందా అమ్మలూ?"

"నాకేం వినబడట్లేదు బాబాయ్. నేను దిగుతాను," అన్నాను. అన్నాక తలుపు తీసుకుని దిగి, ఇసుక ఇంకా కాలుతున్నా ఆగకుండా నీళ్లదాకా పరుగెత్తాను.

ఆ అంబాసిడర్ తరవాత ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియదు. ఆ పాట ఉన్న కేసెట్టూ లేదు, అది వేసే టేప్‌రికార్డరూ లేదు. కొత్త కార్లలో చప్పుడంతా కంపెనీవాళ్లే బిగించి పంపుతున్నారు, ఎక్కడా అక్షింతలు పట్టేంత కన్నం ఉండదు. నేను పరుగెత్తిన వైపు ఇప్పుడు గోదారి నీళ్లు తోడే పంపులూ గొట్టాలూ వచ్చాయి. మామయ్య పోయి చాలా కాలమైంది. ఆ సాయంత్రం ఏం తక్కువైందో ఆయన చెప్పనే లేదు. బాబాయికి ఇప్పుడు రెండు చెవులూ సరిగ్గా వినబడవు, అయినా కలిసినప్పుడల్లా నన్ను పక్కకి పిలిచి, ఏం తక్కువైందంటావని నెమ్మదిగా అడుగుతాడు. నేనైతే ఆ రోజే కారు దిగిపోయాను. ఆయన ఇంకా దిగినట్టు లేడు.