డిప్‌స్టిక్ మీద పెరిగిన ఆయిల్

కారు ఇంజన్లో ఆయిల్ వాడేకొద్దీ తగ్గాలి. మా కార్లో పెరిగింది. మెకానిక్ ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూసి, గుర్తు దాటి పైకి ఉందని తల గోక్కున్నాడట. ఇంజన్ విప్పాలంటాడేమోనని మా ఆయనకు భయం పట్టుకుంది. మీ ల్యాబ్‌లో ఒకసారి చూడమంటూ చిన్న సీసాలో నల్లటి ఆయిల్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

నేను ఎర్రగడ్డ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో వాడేసిన ఆయిల్ పరీక్షిస్తాను. లారీలవి, జనరేటర్లవి ఎక్కువ వస్తాయి, కార్లవి తక్కువ. ఎంత పలచబడింది, అరిగిన లోహం రజను ఎంత కలిసింది, నీళ్ళో పెట్రోలో చేరాయా, ఇవీ చూస్తాను. సీసాతోపాటు ఒక ఫారం నింపాలి. బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుందన్న చోట మా ఆయన ‘హైవే’ అని రాశారు. ఆయిల్ మార్చాక ఎన్ని కిలోమీటర్లన్న చోట ఖాళీ. ఇంకెవరైనా అయితే ఫారం మొహాన కొట్టేదాన్ని. మొగుడు కదా అని ఊరుకున్నాను.

హైవే అన్న మాట నమ్మాను కూడా. ఆయన సినిమాల్లో కో డైరెక్టరు. ఊరి బయట షూటింగ్ అంటూ నెలల తరబడి పొద్దున్నే కారేసుకుని వెళ్తున్నారు.

పరీక్షలో లోహం రజను పెద్దగా లేదు. ఆయిల్ మాత్రం మజ్జిగ తేటలా పలచగా ఉంది. నిండా పెట్రోలే, మట్టం పెరిగింది అందుకే. సీసా కడగకుండా పట్టారేమో అనుకుని, ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేనే కిందికి దిగి, సన్నటి గొట్టంతో ఇంకో సీసా లాగాను. సోమవారం మళ్ళీ అదే వచ్చింది. ఎవరి బండో చెప్పకుండా మా సీనియర్‌కు చూపించాను.

"గీ బండి హైవే ముఖమే సూడలేదమ్మా," అన్నారు ఆయన. "ఒక్క కాడ నిలవెట్టి, ఏసీ ఏసుకొని గంటలు గంటలు ఇంజన్ నడిపిస్తున్నరు. కాలని పెట్రోలు ఆయిల్ల దిగుతున్నది. దూరం పోయే బండైతే ఆయిల్ మంచిగ కాగి, పెట్రోలు ఎగిరిపోతది."

సీనియర్ టీకి వెళ్ళిపోయారు. మా ఆయన అబద్ధం చెబుతున్నారు, అది తేలిపోయింది. కారు ఎక్కడ నిలబెడుతున్నారు, ఎవరి కోసం? పదకొండేళ్ళ కాపురంలో రాని అనుమానం ఆ ఒక్క పూటలో వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆమె ఎలా ఉంటుందో కూడా ఊహించేశాను. ఆ రోజు రెండు సీసాలు తారుమారు చేశాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఫోన్ చేస్తే, షాట్ మధ్యలో ఉన్నానని మెల్లగా చెప్పారు. షూటింగ్ అంటే నానా గోల ఉంటుంది. ఆ ఫోన్లో ఒక్క గొంతూ వినపడలేదు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టాను. ఫిల్మ్ నగర్‌లో ఆ సినిమావాళ్ళ ఆఫీసు నాకు తెలుసు, అక్కడే అడిగి తేల్చుకుందామని ఆటో ఎక్కాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వచ్చేసరికి ఏం అడగాలో, ఎలా దులపాలో అంతా సిద్ధం చేసుకున్నాను.

అడగాల్సిన పని పడలేదు. ఆఫీసు గేటుకు నాలుగిళ్ళ ఇవతల, గోడవారగా మా కారే ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉంది. ఏసీ నీళ్ళు కారి కింద మడుగు కట్టాయి. లోపల ఆయన ఒక్కరే. బనియన్‌తో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా వెనక కొక్కేనికి వేలాడుతోంది, నలగకుండా. చూపు ఫోన్ మీదే ఉంది. ఆడమనిషి లేదు. ఎవరూ లేరు. నాకు హాయిగా అనిపించాలి కదా? ఏడుపొచ్చింది. అద్దం తట్టలేదు. తట్టి ఉంటే నడిరోడ్డు మీదే అరిచేసేదాన్ని.

ల్యాబ్‌కు తిరిగి వెళ్ళి రిపోర్టు పూర్తి చేశాను. చివర బండి యజమానికి సలహా రాయాలి. ‘ఇంజన్‌లో లోపమేమీ లేదు. ఒకేచోట నిలబెట్టి నడపడం మానేస్తే సరిపోతుంది’ అని రాశాను. సాయంత్రం తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన ఆ రెండు వాక్యాలూ చాలాసేపు చదివారు.

"నన్ను తీసేసి మూడు నెలలైంది," అన్నారు. "అవసరమైతే మళ్ళీ పిలుస్తామన్నారు. పిలిస్తే వెంటనే లోపలికి వెళ్ళాలి కదా."

"ఇంట్లో ఉన్నా పిలుస్తారు కదండీ. ఇక్కణ్ణుంచి ఫిల్మ్ నగర్ ఎంత దూరమని?"

"ఇంట్లో ఉంటే నువ్వు కారణం అడుగుతావు. చెప్పింది నిజమా కాదా అని ఇంకోసారి అడుగుతావు. ఎందుకు తీసేశారో నాకే తెలియదు. నీకేం చెప్పను?"

ఎందుకు తీసేశారండీ అన్న మాట అప్పటికే నా నాలుక చివర ఉంది. ఆయన దించిన తల ఎత్తలేదు, ఆ ప్రశ్న వస్తుందనే ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. గట్టిగా పెదాలు బిగించి కూర్చున్నాను.