పెళ్లిచూపులకు వెళ్లిన ఆంప్లిఫయర్

తొలి ఉద్యోగం వచ్చిన కొత్తలో మనిషికి ఒక చిత్రమైన జబ్బు పట్టుకుంటుంది. తనకు ఇన్నాళ్లూ ఏదో కళ ఉందనీ, దాన్ని బయటికి రానివ్వనిది తగిన సామాను లేకపోవడమేననీ గట్టి నమ్మకం కలుగుతుంది. నాకా జబ్బు రాజాంలో పట్టుకుంది. అప్పుడు నేనక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. పగలంతా పిల్లలకు బోర్డు మీద ధ్వని తరంగాలు గీసి, సాయంత్రం మేడ మీది అద్దె గదికి చేరి, ఫోన్లో గిటార్ల వీడియోలు చూసేవాణ్ని. వాయించడం నేర్పే వీడియోలనుకునేరు, కాదు. ఏ గిటారు కొనాలో చెప్పే వీడియోలు. నేర్పే వీడియో పొరపాటున వస్తే వేలితో పక్కకి తోసేసేవాణ్ని. సామానే లేనివాడికి చదువెందుకు?

ఆ వీడియోల పుణ్యమా అని ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. అందులో అందరూ గిటారు మేధావులే. ఒకరి పాట ఒకరు విన్న పాపాన పోలేదు గానీ, గిటారు మెడ మీద అతికించే చెక్క రోజ్‌వుడ్ అయితే నాదం తియ్యగా ఉంటుందా, మేపుల్ అయితే స్వచ్ఛంగా ఉంటుందా అన్న విషయం మీద రెండు ముఠాలుగా చీలిపోయి, పండగ శుభాకాంక్షలు కూడా ఎవరి ముఠాలో వాళ్లే చెప్పుకునేవారు. నేను రోజ్‌వుడ్ ముఠా. ఎందుకంటే ముందు పలకరించింది వాళ్లే. కొన్నాళ్లకి నాకూ ధైర్యం వచ్చి, "మేపుల్లో ఆ వెచ్చదనం రాదండీ" అని ఒక మాట రాశాను. ఎనిమిదో క్లాసులో స్నేహితుడి దగ్గర నేర్చుకున్న మూడు కార్డులు, అంటే తీగలన్నీ కలిపి ఒకేసారి మోగించే మూడు పట్లు తప్ప నాకేమీ రావని ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు. (వాళ్లలో ఎంతమందికి ఎన్ని వచ్చో నాకూ తెలియదు. ఆ ప్రశ్న అడగకపోవడం అక్కడి మర్యాద.)

సెలవొస్తే విశాఖపట్నం వెళ్లి వాద్యాల కొట్లో కూర్చునేవాణ్ని. గోడకున్న గిటార్లన్నీ ఒక్కొక్కటీ దింపించి, ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ మూడు కార్డులే మోగించి, "ఊఁ... మధ్యలో కొంచెం బురద ఉంది" అనేవాణ్ని. వీడియోల్లో అలాగే అనేవారు. కొట్లో కుర్రాడు మొదట్లో గౌరవంగా తలూపేవాడు. తర్వాత్తర్వాత నేను గుమ్మం ఎక్కుతూనే వెనక గదిలోకి వెళ్లిపోయేవాడు. ఇంత పరిశోధనా చేసి చివరికి నేను గిటారు ఎలా ఎంచుకున్నానంటే, కొట్లో ఒక నిలువుటద్దం ఉంది. గుమ్మడిపండు రంగు గిటారు మెడలో వేసుకుని అందులో చూసుకున్నాను. అంతే. దాని మెడ మీది చెక్క మేపుల్ అని ఇంటికి వచ్చాక గాని గమనించలేదు. ఆ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆంప్లిఫయర్. నాది కరెంటు గిటారు, ఆ పెట్టె లేకపోతే దానికి గొంతే ఉండదు. ఇక్కడ మా బావ రంగంలోకి దిగాడు. మా అక్క మొగుడు. నరసన్నపేటలో షామియానాలు, మైకు సెట్లు, లైట్లు అద్దెకిచ్చే వ్యాపారం. శబ్దం అన్న విషయం మీద తనని మించినవాడు రెండు జిల్లాల్లో లేడని ఆయన అభిప్రాయం. గదిలో వాయించుకునేందుకు ఇటుకంత చిన్న పెట్టె చాలని నేను అప్పటికే నిర్ణయించుకుని ఉన్నాను.

"ఇదేటిరా బామ్మర్దీ, టిఫిను కేరేజీలాగున్నాది" అన్నాడు బావ, ఫోన్లో బొమ్మ చూసి. "దీంట్లోంచి ఏటి సౌండొస్తాది? పక్కింటోడికి ఇనపడాలా వద్దా?"

"పక్కింటివాళ్లకి వినపడకూడదనే బావా."

"మరి వాయించడం ఏల?"

ఫోను తీసి జేబులో పెట్టేసుకున్నాను. అటు గ్రూపులో మేధావులేమో పాతకాలం రేడియోల్లోలాగ గాజు వాల్వులున్న ఆంప్లిఫయరైతేనే ఆత్మ పలుకుతుందన్నారు. బావ మాటా, గ్రూపు మాటా రెండూ కాదనలేక, వాల్వులుండీ, పక్క ఊరిక్కూడా వినపడే పెట్టెనొకదాన్ని కొన్నాను. చిన్న బీరువాంత ఉంది. మేడ మెట్లు ఎక్కించడానికి నలుగురం పట్టాం. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన మా అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత రేడియో కొన్నావు, వార్తలు రావేటిరా?" అంది. రావన్నాను. "మరేటొస్తాది?" అంది. వెలిగిస్తే ఎర్రగా వాల్వులు వెలిగేవి, చిన్నగా ఝుమ్మనేది. కింద వాటా వాళ్లు ఏమంటారోనని శబ్దం మీట సున్నా దాటించేవాణ్ని కాదు. చీకట్లో ఆ ఎర్రటి వెలుగు చూస్తూ కూర్చోవడమే నా సంగీత సాధన.

సరిగ్గా అప్పుడే ఇంట్లో నా పెళ్లి ప్రయత్నాలు మొదలయ్యాయి. వివరాల కాగితం రాసే పని బావ తీసుకున్నాడు. చదువు, ఎత్తు, గోత్రం అయ్యాక చివర్న 'గిటారు విద్వాంసుడు' అని తగిలించాడు. అదేమిటి బావా అంటే, "లెట్చరర్లు ఊరికొకడున్నాడు. ఇది కొత్తగుంటాది" అన్నాడు. ఆ మాట పట్టుకునే విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. సంగీతం ఉన్న ఇల్లట. అమ్మాయి బడిలో తెలుగు చెబుతుంది, పాడుతుంది. అమ్మాయి నాయనమ్మ తన రోజుల్లో ఊళ్లో సగం మంది పిల్లలకు సంగీతం నేర్పిన మనిషి.

వెళ్లాం. అమ్మాయి కాఫీలు తెచ్చింది. నాకిచ్చేటప్పుడు కాఫీ ఒలికి నా చొక్కా మీద పడితే, అయ్యో అనకుండా ఫక్కున నవ్వేసింది. నవ్వాక నాలిక కరుచుకుంది. ఆ క్షణంలోనే నా పని అయిపోయింది. ఇద్దర్నీ మాట్లాడుకోమని పెరటి వసారాలో కూర్చోబెట్టారు.

"మీరు గిటారు వాయిస్తారటగా. ఏం వాయిస్తారు?" అంది.

నేను మొదలెట్టాను. చెక్కల రకాలు చెప్పాను. తీగల కింద అయస్కాంతాలుంటాయనీ, వాటిని పికప్పులంటారనీ చెప్పాను. వాల్వుకీ ట్రాన్సిస్టరుకీ తేడా చెప్పాను. ఇవన్నీ చెబుతుంటే నా గొంతు నాకే ఎంతో బాగా వినిపించింది. ఆమె మధ్యలో అడ్డురాకుండా అంతా విని, "అంటే ఏం వాయిస్తారు?" అంది మళ్లీ.

దేవుడి దయవల్ల అప్పుడే లోపలికి పిలిచారు. అక్కడ ఇంకా పెద్ద గండం కాచుకుని ఉంది. వాళ్ల మామ్మగారికి చెవులు దాదాపు వినపడవు. మిషను పెట్టుకోమంటే, "అది పెట్టుకుంటే మిక్సీ ఇనపడతాది గాని మనిషి మాట ఇనపడదు" అని విసిరి కొట్టిందట. ఆవిడ మా వైపు తిరిగి ఇల్లంతా మార్మోగేలా అంది: "మా కాలంలో ఆడపిల్ల సేత పాడించేవోరు. ఇప్పుడు పిల్లోడు వాయించాల. సూసి సెప్తాను."

గిటారు తేలేదండీ అని నసిగాను. తెచ్చినా ఆంప్లిఫయర్ లేకపోతే అసలైన నాదం రాదండీ, అది చాలా బరువండీ అన్నాను. ఇక తప్పించుకున్నట్టే అనుకుంటుండగా బావ లేచి నిలబడ్డాడు. "బరువేటి? మన వేనున్నాది కదా. వచ్చే ఆదోరం అట్టుకొచ్చేస్తాం!" అన్నాడు.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. వాళ్లకి బొబ్బిలి నుంచి ఇంకో సంబంధం కూడా వచ్చిందని, అబ్బాయిది బ్యాంకు ఉద్యోగమని అక్క ఫోన్లో చల్లగా చెప్పింది. నేను ఇన్నాళ్లూ వేలితో తోసేసిన నేర్పే వీడియోలన్నీ వెతికి వెనక్కి తెచ్చుకున్నాను. పాటలు ప్రయత్నిస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. గ్రూపులో సలహా అడిగితే, తీగలు ఒక నంబరు సన్నవి వేయమన్నారు. ఆఖరికి ఒక్క తీగ మీద ఒక్క వేలితో పైకీ కిందకీ నడవగలిగింది ఒక్కటే దొరికింది. సరళీ స్వరాలు. సంగీతం నేర్చుకునే చంటిపిల్లలు మొదటి రోజు పాడే స-రి-గ-మ. గిటారు విద్వాంసుడు దానికి సిద్ధపడ్డాడు.

ఆదివారం మా పెళ్లిచూపుల బృందం బావ వ్యానులో విజయనగరం చేరింది. దాని ఒంటి మీద ఎర్ర అక్షరాలతో 'సౌండ్స్ అండ్ లైటింగ్స్, శుభకార్యాలకు' అని ఉంటుంది. వీధిలోకి తిరగగానే జనం అరుగుల మీదకి వచ్చారు. పెట్టె దింపుతుంటే ఒక పెద్దాయన, "ఓలమ్మ, అప్పుడే పెళ్లేటి? మాకు సెప్పనేదే?" అని బాధపడ్డాడు. హాల్లో సోఫా జరిపి ఆంప్లిఫయర్ని నిలబెట్టారు. అమ్మాయి తలుపు చాటున కాదు, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మామ్మగారు మాత్రం లోపలి గదిలో నడుం వాల్చారట. లేపొద్దులెండి అన్నాను ఎంతో ఉదారంగా.

గిటారు మెడలో వేసుకుని, శబ్దం మీట ఎప్పటిలాగే సున్నా దగ్గర ఉంచుకున్నాను. నేను తీగ సవరించుకుంటుండగా బావ వెనక్కి వెళ్లి, "ఏటిరా, అన్నీ కిందకుండిపోయేయి" అని మీటలన్నీ కుడివైపు చివరికంటా తిప్పేశాడు. షామియానాల్లో ఆయన పద్ధతి అదే. నేను చూసుకోలేదు. కళ్లు మూసుకుని 'స' మీటాను.

అది శబ్దం అనడానికి లేదు, సంఘటన అనాలి. వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాని వెంట ఒకటి దూకేశాయి. వీధిలో ఎవరిదో స్కూటరు పేంపేం అని అరవడం మొదలెట్టింది. కాబోయే మామగారి కాఫీ ఆయన పంచె మీద పడింది. అమ్మాయి మేనమామ కుర్చీలోంచి లేచి గోడకి అతుక్కుపోయాడు. ఆ 'స' అలా మోగుతూ, మోగుతూ, మెల్లగా చల్లారింది. మామగారు పంచె దులుపుకుంటూ, "చాలు బాబూ... బాగుంది... ఇక భోజనాలు..." అన్నారు. నేను గిటారు మెడలోంచి తీయబోయాను. బొబ్బిలి బ్యాంకు కుర్రాడు నా కళ్ల ముందు మెదిలాడు.

అప్పుడు లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "ఎవర్రా అది? 'స' పట్టుకుని ఒగ్గేసేరేటి? 'రి' ఏదీ?"

అందరం అటు తిరిగాం. మామ్మగారు గోడ పట్టుకుని బయటికి వస్తున్నారు. జుట్టు రేగి ఉంది, చెంప మీద దిండు ముడత ఉంది. వచ్చి, సోఫా వద్దని, ఆంప్లిఫయర్ ముందు నేల మీద చతికిలబడి, ఒక అరచెయ్యి దాని ముందువైపు జాలీకి ఆనించారు. "కానీ బాబూ. మళ్లీ మొదట్నించి" అన్నారు.

నేను మామగారి వైపు చూశాను. ఆయన చెవులు రెండూ మూసుకుని, సరే అన్నట్టు తల ఊపారు. మొదలెట్టాను. స, రి, గ... "ఆగు, గాంధారం కిందకున్నాది. సరి సెయ్యి." సరిచేశాను. మ, ప, ద... ఆవిడ రెండో చేత్తో తొడ మీద తాళం వేయడం మొదలెట్టారు. పైకి వెళ్లి కిందకి దిగేసరికి వణుకుతున్న గొంతుతో నాతో పాటు అందుకున్నారు. కిటికీలకి వీధి జనం వేలాడుతున్నారు. గ్లాసులు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి రాలుతున్నాయి. నేను తప్పు చేసినప్పుడల్లా ఆవిడ జాలీ మీద ఒక దెబ్బ వేసేవారు. నా మీద పడాల్సిందన్నమాట. అమ్మాయి మొదట చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి మామ్మగారినే చూస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ గొంతెత్తి పాడి చాలా ఏళ్లయిందని నాకు తర్వాత తెలిసింది. బావ మాత్రం మీటల పక్కన చేతులు కట్టుకుని, అదంతా తన చలవే అన్నట్టు నిలబడ్డాడు. (ఒప్పుకోక తప్పదు, ఆయన చలవే.)

ఆపాక మామ్మగారు చెయ్యి తీసి తీర్పు చెప్పారు. "ఈ పెట్టి నాకు నచ్చింది. పిల్లోడి సంగతి మీరు సూసుకోండి."

భోజనాలయ్యాక పెరటి వసారాలో అమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది. "మీకు వాయించడం రాదు కదా?"

"రాదండీ" అన్నాను. ఈసారి చెక్కల గురించి ఏమీ చెప్పలేదు.

"సరే అని నాన్నగారితో చెప్పేశాను. పెట్టె మాత్రం ఇక్కడే ఉంచి వెళ్లండి" అంది. నాలిక కరుచుకోకుండానే నవ్వింది.

ఆ సాయంత్రం ఉత్సాహం పట్టలేక గ్రూపులో జరిగిందంతా రాశాను. చెవులు వినపడని మనిషికి నా గిటారు వినపడిందని, ఆవిడ పాడిందని, నాకు పెళ్లి కుదిరిందని. చాలాసేపటికి ఒక మేధావి నుంచి జవాబు వచ్చింది. 'ఏ వాల్వులు వాడారు?' మర్నాడు గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

పెళ్లయ్యాక అత్తవారింటికి వెళ్లిన ప్రతిసారీ అల్లుడికి మర్యాదలు అయ్యేలోపే మామ్మగారు నేల మీద చాప పరిచేవారు. పాఠం అప్పగించనిదే కాఫీ ఇవ్వనిచ్చేవారు కాదు. సరళీ స్వరాలయ్యాయి, జంట స్వరాలయ్యాయి, అలంకారాలయ్యాయి. వీధిలో వాళ్లకీ అవన్నీ కంఠతా వచ్చేశాయి. గీతాలు పూర్తయిన రోజు ఆవిడ చాప చుట్టేస్తూ, "మళ్లీ వచ్చినప్పుడు వర్ణం ఎత్తుకుందారి" అన్నారు. మళ్లీ వెళ్లేసరికి ఆవిడ లేరు.

ఇప్పుడు నాకు నెత్తి మీద జుట్టు పలచబడింది. కాలేజీ మారాను, ఊరు మారాను. గిటారు తీగలూ చాలాసార్లు మార్చాను. ఎవరైనా కుర్రాళ్లు ఇంటికొచ్చి, గోడకున్న గుమ్మడిపండు రంగు గిటారు చూసి, "ఎంతవరకు వచ్చు సార్?" అని అడుగుతారు. గీతాల వరకు అంటాను. మిగతాది నేర్చుకోవచ్చు కదా, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఉన్నాయి. నేనూ అప్పుడప్పుడు వర్ణం వీడియో తెరిచి, మొదటి స్వరం వినగానే మూసేస్తాను. నేర్పేవాళ్లు బాగానే నేర్పుతున్నారు. తప్పు వాయిస్తే పెట్టె మీద ఒక్క దెబ్బ వెయ్యడమే వాళ్లకి చేతకాదు.