బస్వయ్య మామ పేరుకి చక్రాలు తగిలించిన రోజు

ఒక పెద్దమనిషి పేరునీ, ఆయన పుట్టిన ప్రాంతం పేరునీ, గోడౌన్‌లోని సిమెంటు మూటలనీ ఒక్క దెబ్బతో పాడుచేయాలంటే ఎంతసేపు పడుతుందో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. గ్లాసులో టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. ఆ పని నేనే స్వయంగా, కుర్చీలో కూర్చుని, పైగా కూనిరాగం తీస్తూ చేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది బస్తర్ ప్రాంతంలో ఉసూర్ దగ్గర పల్లె. దంతెవాడ దాటాక కొండ కింద ఉన్న ఇనుప గనుల కాలనీలో, కంప్యూటర్ పనులు కాంట్రాక్టుకి తీసుకున్న చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. ఆ ఉద్యోగం సంగతి నాకు చెప్పింది, దరఖాస్తు రాయించింది, ఉండడానికి గది చూసిపెట్టింది మా ఊరి బస్వయ్య మామ. గనుల గ్యారేజీలో ముప్పై ఏళ్ళుగా బస్సులు బాగుచేసే మేస్త్రీ. ఆయన నవ్వితే మీసాల్లోంచి గ్రీజు వాసన వస్తుందని మా అత్త అనేది.

మా ఆఫీసులో రాసే కోడంతా ఒకేచోట ఉండేది. దాన్ని రెపో అనేవాళ్ళం. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు ఎలాగో అది అలాగ. బస్ స్టాపుల్లో వెలిగే బోర్డులు ఒక ప్రాజెక్టు, కాలనీ గేటు బోర్డు ఇంకొకటి, గోడౌన్ బోర్డు మరొకటి, సన్మాన పత్రాలు ముద్రించేది వేరొకటి. ఎవరి పొయ్యి వాళ్ళది, గది మాత్రం ఒక్కటే. ఒక ప్రాజెక్టుని బిల్డ్ చేస్తే, అంటే వండి వడ్డిస్తే, కొత్త అక్షరాలు తిన్నగా దాని బోర్డుకో ప్రింటరుకో వెళ్ళిపోతాయి. ఎవరి పొయ్యి మీద వాళ్ళు వండుకోవాలన్నది మొదటి నియమం. మొదటి రోజే చెప్పారు. నేను తలూపాను కూడా. తల ఊపడంలో నన్ను మించినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

అసలు పని చాలా చిన్నది. రెండు రూట్లలో బస్సులు తీసేసి జీపులు పెట్టారు. జనం మాత్రం బోర్డు మీద 'బస్' అని చూసి, కళ్ళముందు జీపు వెళ్ళిపోతున్నా బస్సు కోసం నిలబడిపోతున్నారు. అందుకని మా పైనున్న ప్రసాద్ గారు, విశాఖ వైపు మనిషి, ఉదయం హడావుడిగా వచ్చి చెప్పారు.

"అమ్మా, స్టాపుల బోర్డుల్లో 'బస్' అన్న చోటల్లా హిందీలో లాగా 'వాహన్' అని పెట్టేయ్. నేను హాలు దగ్గరికి వెళ్తున్నాను. బస్వయ్య గారి రిటైర్మెంటు ఫంక్షన్ పదకొండింటికి."

"అయిపోతది సార్."

"ఎలా చేస్తావు?"

"వెతికి మార్చేస్త సార్."

ఆయన వెళ్ళిపోయారు. నేను వెతికాను. స్టాపుల ఫోల్డరులోకి వెళ్ళి వెతికి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను రెపో మొదట్లోనే నిలబడి, అన్ని ప్రాజెక్టులకీ కలిపి, 'బస్' కనబడితే 'వాహన్' చెయ్యమని మెషిన్‌కి ఆజ్ఞాపించాను. మెషిన్ ఎదురు ప్రశ్న వెయ్యదు. అందుకే దానికి ఉద్యోగం పోదు.

తర్వాత "మొత్తం బిల్డ్" నొక్కాను. అంతలో ప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"బస్ ఒక్కటే కదా మార్చావు?"

"బస్ ఒక్కటే సార్."

నేను అబద్ధం చెప్పలేదని గమనించాలి.

మొదటి ఫోను గోడౌన్ నుంచి వచ్చింది.

"మేడమ్, మా బోర్డు మీద సిమెంటు వాహన్తాలు అని వస్తంది. ఇదేం కొత్త సరుకు?"

"వాహన్తాలు కాదు, బస్తాలు" అన్నాను. అన్నాక ఆ మాటని మళ్ళీ మెల్లగా పలికి చూసుకున్నాను. బస్తాలో బస్ ఉంది. బస్తీలో బస్ ఉంది. బస్తర్‌లో బస్ ఉంది. పుట్టినప్పటినుంచి బస్తర్‌లో ఉంటూ, అందులో బస్ ఉందన్న సంగతి ఆ నిమిషం దాకా నాకు తట్టలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా పెద్ద బోర్డు వెలుగుతోంది: 'వాహన్తర్‌కు స్వాగతం'.

అయినా తెలివి తక్కువేం కాదు కదా నాకు. చేసినదాన్ని తిరగేస్తే సరిపోతుంది అనుకున్నాను. 'వాహన్' ఉన్న ప్రతిచోటా 'బస్' పెట్టి, మళ్ళీ మొత్తం బిల్డ్ చేశాను. బస్తర్ బస్తర్ అయింది. బస్తాలు బస్తాలయ్యాయి. అమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాను.

ఈసారి ఫోను బస్వయ్య మామ భార్య రాజమ్మత్త దగ్గర్నుంచి.

"ఏందే పిల్లా, మమ్మల్ని గేటు కాడ ఆపిండ్రు. ఉసూర్ నుంచి, బాసగూడ నుంచి బస్సు మాట్లాడుకొని వచ్చినం. నలభై మందిమి. కోడికూర గిన్నెలు ఒళ్ళో ఉన్నయ్."

"ఎందుకాపిండ్రు అత్తా?"

"నాకేం తెలుసు. ఇగో, గేటాయన మాట్లాడతడట."

గేటు దగ్గర భీమయ్య అనే గార్డు ఉండేవాడు. బోర్డు మీద రాసింది రాసినట్టు పాటించడమే ఆయన ఉద్యోగం, భక్తి, కాలక్షేపం.

"మేడమ్, భారీ బస్లకు ప్రవేశం లేదు అని ఆర్డర్ వచ్చింది. బోర్డు మీదనే ఉంది. షిఫ్టు బస్సులు గూడ ఆపిన. ఏడు బస్సులున్నయ్ లైన్ల."

ఎప్పటినుంచో గేటు మీద ఉన్న మాట 'భారీ వాహన్లకు ప్రవేశం లేదు'. అది నేను పెట్టిన వాహన్ కాదు, ముందునుంచీ ఉన్న సిసలైన వాహన్. దాన్ని కూడా బస్ చేసేశాను.

"భీమయ్యన్నా, అది తప్పు. వదిలెయ్ వాళ్ళని."

"బోర్డు మార్చుండ్రి, వదుల్త."

ఏడ్వడానికి కూడా తీరిక లేదు. ప్రసాద్ గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"నిన్నటి కాపీ రెపోలోనే ఉంటుందమ్మా" అన్నారు. "ఒక్క ఆజ్ఞతో నిన్నటికి వెళ్ళిపోవచ్చు. రెపో పెట్టిందే అందుకు."

"రెండోసారి తిప్పి మార్చే పనే లేదా సార్?"

"మొదటిసారి అన్నిచోట్లా మార్చే పనే లేదు."

ఆయన చెప్తుంటే ఒక్కో అక్షరం కొట్టాను. అన్నీ నిన్నటి రూపానికి వెళ్ళాయి. భీమయ్య గేటు తీశాడు. అప్పటికే రాజమ్మత్త సైన్యం గిన్నెలు నెత్తిన పెట్టుకుని, బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ సగం దూరం వచ్చేసింది. ఖాళీ బస్సు వాళ్ళ వెనకే మెల్లగా, పెళ్ళి ఊరేగింపులా వచ్చింది.

నేను హాలుకి పరుగెత్తాను. దారిలో గుర్తొచ్చింది. సన్మాన పత్రం. మొదటి బిల్డ్ తర్వాత ముద్రించారు. ముద్రించిన గుమాస్తాకి తెలుగు రాదు. ఇప్పటికి అద్దం కట్టించి కూడా ఉంటారు.

నేను తలుపు దగ్గరికి చేరేసరికి మేనేజర్ మేడమ్ మైకు ముందు నిలబడి ఉంది. ఆవిడ ఒడిశా మనిషి. మామ మీద గౌరవంతో తెలుగు అక్షరాలు నేర్చుకుని మరీ వచ్చింది. ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని, గుళ్ళో మంత్రం చదివినట్టు చదివింది.

"శ్రీ వాహన్వయ్య గారు... ముప్పై ఏళ్ళు... వాహన్సులు మరమ్మతు చేసి... వాహన్తర్ ప్రాంతానికే గర్వకారణంగా నిలిచారు."

నలభై మంది చుట్టాలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆ మూల నుంచి ఈ మూలకి నవ్వు అంటుకుంది. మేడమ్ చప్పట్లనుకుని నమస్కారం పెట్టింది. నాకైతే గనిలో పెట్టే పేలుడు మందు కొంచెం ఇక్కడ పెడితే బాగుండుననిపించింది, నేను నిలబడ్డ చోట మాత్రమే.

మామ లేచి మైకు తీసుకున్నాడు.

"ముప్పై ఏండ్లు బండ్ల కింద పండుకున్న. పైన కూసునే రాత లేదనుకున్న. ఇయ్యాల నా పేరే బండెక్కింది. ఇగ నేను దిగ."

ఈసారివి నిజం చప్పట్లు.

సాయంత్రం సరిచేసిన పత్రం పట్టుకుని మామ ఇంటికి వెళ్ళాను. తల వంచుకుని, జరిగింది చెప్పి, కొత్తది ఇచ్చి పాతది అడిగాను. ఆయన కొత్తదాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. చదివి నా చేతిలోనే పెట్టేశాడు.

"ఇది నువ్వే ఉంచుకో బిడ్డా."

"తప్పు లేదు మామా ఇందుల. మూడుసార్లు చూసిన."

"అదే కదా. బస్వయ్యలు మన పక్కన ఊరికి నలుగురున్నరు. వాహన్వయ్య నేనొక్కన్నే."

కనుక ఇందుమూలంగా, గనుల ఎర్రమట్టి సాక్షిగా, కోడికూర గిన్నెలు మోసిన నలభై నెత్తుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: 'అన్నిచోట్లా మార్చు' అన్న మీటని ఈ జన్మలో ముట్టను. ఇప్పుడు రాసిన ఈ నాలుగు ముక్కల్లో తప్పులేమైనా ఉంటే, ఒక్కోటీ వేలు పెట్టి వెతికి చేత్తోనే దిద్దుకుంటాను. దొరకనివి అలాగే ఉంటాయి. వాటిని ఎవరైనా అద్దం కట్టించుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు.